కాగితపు గురికి ఇంటి స్టాండు

మెరీనా బీచిలో బెలూన్లు కాల్చిన సరదా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పుట్టింది మన చెన్నైలోనే, పెరిగింది హైదరాబాదులో. ఆ పోటీలో దూరం 10 మీటర్లు. గురి మధ్య చుక్క వెడల్పు అర మిల్లీమీటరే! అది నేలకు 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ఇంట్లో సాధనకు స్టాండు చేయాలంటే రెండు నిలువు కర్రలు, అడ్డపట్టెలు చాలు. కాగితం నిలబెట్టడం సులువే. దాన్ని దాటిన పెల్లెట్ ఎక్కడికి పోతుందన్నదే అసలు సంగతి. గట్టి చెక్కకు తగిలితే వెనక్కి ఎగిరి కంటికే తగలవచ్చు. అందుకని కాగితం వెనక చెక్కపెట్టె బిగించి, అందులో పాత గుడ్డలు దట్టంగా కూరండి. పెట్టె లోపల వెనకవైపు మందపాటి ఇనుప పలకను, పై అంచు మీవైపు వాలేలా అమర్చితే పెల్లెట్లు కిందికి రాలతాయి. ముందువైపు అట్టే ఉండాలి.

మేడమీదైతే సముద్రపు గాలికి స్టాండు పడిపోతుంది. కాళ్లమీద ఇసుక సంచులు వేయండి. వెనక పిట్టగోడ చాలదు, నిండు గోడ కావాలి. కళ్లద్దాలు తప్పనిసరి; పిల్లలైతే పక్కన పెద్దవాళ్లుండాలి. పెల్లెట్లు సాధారణంగా సీసంవి కనుక పెట్టె ఖాళీ చేశాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నానికి కూర్చోండి.