ముప్పు ముంగిట్లో.. ముందస్తు నిధులెక్కడ?

అమలాపురం: గ్యాస్ బావిలో మంటలు చెలరేగితే నిపుణులు ఎంత దూరం నుంచైనా వస్తారు. ప్రాణాలు పోతే పరిహారం ప్రకటిస్తారు. కానీ ప్రమాదానికి ముందే గ్రామంలో సైరను బిగించడానికి, జనాన్ని తరలించే దారులు బాగు చేయడానికి, మాక్ డ్రిల్ నిర్వహించడానికి సొమ్ము ఏ పద్దు నుంచి రావాలి? కోనసీమలో ఈ ప్రశ్నకు ఇప్పటికీ సూటిగా జవాబు లేదు.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంటలు 65 రోజుల పాటు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. 2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో మోరి-5 బావి వద్ద వాయువు ఎగజిమ్మి మంటలు రేగగా, అదుపు చేయడానికి అయిదు రోజులు పట్టింది. ప్రాణనష్టం తప్పినా కొబ్బరి తోటలు కాలాయి.

వీటిలో నగరం దుర్ఘటనే ఎక్కువ పాఠాలు చెబుతుంది. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వెళ్లే 18 అంగుళాల గొట్టం అది. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన వాయువు ప్రవహించడం, లోపల తుప్పు పట్టడం విచారణలో బయటపడ్డాయి. లీకైన వాయువు ఇళ్ల మధ్యకు వ్యాపించాక నిప్పు అంటుకుంది. నిద్రలో ఉన్నవారికి హెచ్చరిక అందలేదు. వాయువు వెలువడుతుండగా మంటను ఆర్పితే అది పోగై మళ్లీ పేలవచ్చు. సరఫరా నిలిపివేయడమే అసలు మార్గం. అగ్నిమాపక శకటం చల్లే నీరు చుట్టుపక్కల ఇళ్లను, ట్యాంకులను చల్లబరచడానికే ఎక్కువగా ఉపకరిస్తుంది. కనుక గ్రామస్థుల ప్రాణాలు నిలిపేది ముందస్తు హెచ్చరిక, వేగంగా బయటపడే దారి. పంట కాలువలు, ఇరుకు వంతెనల కోనసీమలో ఒక లారీ అడ్డంగా ఆగితే ఆ దారి ఏమవుతుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు.

కాగితంపై కమిటీలు

భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం పరిశ్రమ ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళిక యాజమాన్యం బాధ్యత. ఆవరణ బయటి ప్రణాళికను జిల్లా యంత్రాంగం తయారు చేయాలి. 1996 నిబంధనలు మరో అడుగు వేసి, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం, డివిజన్ స్థాయిలో స్థానిక సంక్షోభ బృందం ఉండాలన్నాయి. జిల్లా బృందం 45 రోజులకు ఒకసారి, స్థానిక బృందం నెలకు ఒకసారి సమావేశం కావాలి. స్థానిక బృందం ఆరు నెలలకు ఒకసారి పూర్తి స్థాయి మాక్ డ్రిల్ జరపాలి. ప్రమాదకర రసాయనాలను గొట్టాల ద్వారా తరలించడం కూడా ఈ నిబంధనల కిందికి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ కాకినాడ నుంచి అమలాపురానికి దగ్గరైంది. బాధ్యతలు ఇంత వివరంగా రాసిన నిబంధనలు ఖర్చుకు మాత్రం ప్రత్యేక నిధి చూపలేదు.

గనుల జిల్లాలకు ఉన్నది ఇక్కడ లేదు

విపత్తు అనగానే గుర్తుకొచ్చేది రాష్ట్ర విపత్తు స్పందన నిధి. ఇందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వాటా. అయితే సహాయానికి అర్హమైన విపత్తుల జాబితాలో తుపాను, వరద, అగ్నిప్రమాదం వంటివి ఉన్నాయి గానీ రసాయన ప్రమాదం లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మొత్తం విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకు, 10 శాతాన్ని సన్నద్ధత, సామర్థ్యం పెంపునకు కేటాయించమంది. అగ్నిమాపక శాఖల ఆధునికీకరణకు కేంద్రం 2023లో రూ.5 వేల కోట్ల పథకం ప్రారంభించింది. ఇవి తలుపులు తెరిచే మార్గాలే. కాకపోతే గ్రామం నుంచి ప్రతిపాదన వెళ్తేనే ఉపయోగం.

అసలు లోటు మరొకటి. సింగరేణి బొగ్గు గనుల జిల్లాల్లో రాయల్టీపై అదనంగా 10 నుంచి 30 శాతం వసూలు చేసి జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు జమ చేస్తారు. ఆ సొమ్మును గనుల ప్రభావిత గ్రామాలకే వెచ్చించాలి. అదే చట్టం ‘ఖనిజాల’ నిర్వచనం నుంచి చమురును, సహజవాయువును మినహాయించింది. ఫలితంగా కోనసీమకు ఆ ఫౌండేషన్ సొమ్ము దక్కదు. ఇక్కడి భూమిలో తీసిన వాయువుపై బావి వద్ద ధరలో 10 శాతం రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. అందులో ఇంత భాగం ఇక్కడే ఖర్చు చేయాలన్న నియమం లేదు. ముప్పు గ్రామానిది, రాబడి ఖజానాది అన్న మాట అందుకే వినిపిస్తుంటుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులున్నాయి కదా అని అధికారులు చెబుతుంటారు. విపత్తు నిర్వహణను 2019లో ఆ జాబితాలో చేర్చిన మాట నిజమే. చట్టప్రకారం కంపెనీ ఎలాగూ చేయాల్సిన భద్రతా పనులను ఆ పద్దులో చూపడం కుదరదు. పైగా ఏ ఊళ్లో దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించేది కంపెనీయే. పంచాయతీ సైరను అడిగితే బస్ షెల్టర్ రావచ్చు.

1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం బాధితులకు తక్షణ సాయం కోసం. మొదట్లో మృతుల కుటుంబానికి అందులో నిర్ణయించిన మొత్తం రూ.25 వేలు. ప్రభుత్వ రంగ సంస్థలు సొంత నిధి ఏర్పాటు చేసుకుని బీమా నుంచి మినహాయింపు పొందే వీలుంది. నగరం మృతుల కుటుంబాలకు గెయిల్ రూ.20 లక్షలు, రాష్ట్రం రూ.3 లక్షలు, కేంద్రం రూ.2 లక్షలు ప్రకటించాయి. ఈ సొమ్మంతా ప్రమాదం జరిగాకే కదులుతుంది.

పంచాయతీలు అడగదగినది ఒకటుంది. ప్రమాదాల నివారణ, సన్నద్ధత సమాచారాన్ని ప్రజలు కోరితే సంక్షోభ బృందాలు ఇవ్వాలని 1996 నిబంధనలే చెబుతున్నాయి. చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, చివరి మాక్ డ్రిల్ ఏ గ్రామంలో జరిగింది, దాని ఖర్చు ఎవరు భరించారు అన్న వివరాలను అమలాపురం, కొత్తపేట ఆర్డీవో కార్యాలయాలకు, కలెక్టరేట్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి కోరవచ్చు.