మాట పూర్తి కానివ్వండి

తెనాలిలో ఇంటి నుంచే పనిచేసే ఒక టెక్ లీడ్ ఉన్నాడనుకోండి. టీమ్‌లో ఒకమ్మాయి రేపల్లె నుంచి, ఒక కుర్రాడు బాపట్ల నుంచి కాల్‌లోకి వస్తారు. "అన్నా, ఈ మార్పు ఇవాళ రాత్రి పెడితే పాత బిల్లులు..." అని ఆ అమ్మాయి మొదలుపెడుతుంది. "అది నేను చూసుకుంటాలే, నువ్వు కానివ్వు" అనేస్తాడు లీడ్. ఆమె మైకు ఆపేస్తుంది. పాత బిల్లుల సంగతి అక్కడితో ఆగిపోతుంది.

అతన్ని అహంకారి అనేయడం తేలిక. నేనలా అనను. చాలాసార్లు అతని మాటే నిజమవుతుంది కనుక, ఎదుటివాళ్లు సగంలో ఉండగానే జవాబు తట్టేస్తుంది. చిక్కంతా అతని లెక్క తప్పే ఆ ఒక్కసారి గురించే.

1977 మార్చి 27న టెనెరిఫె విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మింది. కేఎల్‌ఎం విమానం కెప్టెన్ ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు సందేహంగా అడిగాడు. లేదని కెప్టెన్ తేల్చేశాడు. ఆ రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. రేడియో మాటలు కలగలిసిపోవడం లాంటి కారణాలూ ఉన్నాయి గానీ, ఆ సందేహం దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే అన్న బాధ నన్ను వదలదు. తర్వాతి ఏళ్లలో విమానసంస్థలు సిబ్బందికి కొత్త శిక్షణ మొదలుపెట్టాయి: కిందివాళ్లు గట్టిగా చెప్పాలి, కెప్టెన్ అడిగి మరీ వినాలి.

మీరు మన లీడ్‌కు మేనేజరైతే, ఈ సంగతి నలుగురిలో చెప్పొద్దు. పక్కకు పిలిచి, "నిన్న ఆ అమ్మాయి ఏం చెప్పబోయింది?" అని అడగండి. చెప్పలేడు. అక్కణ్నుంచి ఒకే అలవాటు చేయించండి: జవాబిచ్చే ముందు ఆమె మాటను తన మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా నువ్వనేది?" అని అడగడం. ఒప్పుకోవాలని లేదు, నిర్ణయం అతనిదే. స్వభావం జోలికి పోకండి.

తప్పు బయటపడితే పరువు పోతుందన్న భయం కూడా చెవులు మూసేస్తుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టరు కలాం. విలేకరుల ముందు బాధ్యత నెత్తిన వేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు ఆయన కలాంనే మాట్లాడమన్నారు. లీడ్ అలవాటు మార్చాలనుకునే మేనేజరు మొదట తానే ఇలా అతనికి అండగా నిలబడాలి.

ఇంకోసారి రేపల్లె అమ్మాయి "అన్నా, పాత బిల్లులు..." అన్నప్పుడు లీడ్ చివరిదాకా ఆగితే, ఆ మార్పు తెల్లారేదాకా వాయిదా పడొచ్చు. అంతదాకా పలకని బాపట్ల కుర్రాడూ మైకు తెరవొచ్చు.