బూజు పట్టిన వేరుశనగ - వేయించినా పోని విషము

వేరుశనగ గింజలకు బూజు పట్టినప్పుడు వాటిని ఎండబెట్టి, దోరగా వేయించి పచ్చడికి వాడుకొనుట పలు గృహములలో కనిపించే అలవాటు. అగ్నిసంస్కారముతో దోషము తొలగునని నమ్మకము. కాని బూజు వేరు, అది పుట్టించే విషము వేరు. వేడికి బూజు నశిస్తుంది. విషము చాలావరకు మిగిలియే ఉంటుంది.

ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపు కలిసిన పచ్చని బూజు దీనిని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించగా, వాటికి మేతగా వేసిన వేరుశనగ చెక్కలో ఈ విషము బయటపడింది. మన దేశములో 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారికి కామెర్లు, జలోదరము కలిగి నూరుమందికి పైగా మరణించారు. ఆ ఇండ్ల కుక్కలు సైతము అదే వ్యాధికి గురియైనవి.

అయితే ఇటువంటి తీవ్రరూపము అరుదు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి లోనికి పోవుటయే సామాన్యముగా జరిగేది. శరీరములో నిలిచి, కాలక్రమమున ధాతువులను చెరచే విషమును మన శాస్త్రము దూషీవిషమన్నది. అఫ్లాటాక్సిన్ చేసే హాని అటువంటిదే. ఇది యకృత్తులో క్యాన్సరును కలిగించగలదు. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ప్రమాదము మరింత అధికము.

"పెన్సిలిన్ బూజు నుండియే వచ్చినది గదా?" అని కొందరు ప్రశ్నిస్తారు. నిజమే. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దానిని కనుగొన్నారు. కాని అది వేరొక జాతి బూజు. దాని సారమును వేరుచేసి, శుద్ధిచేసి, మాత్ర నిర్ణయించిన పిదపనే అది ఔషధమైనది. వంటింటి బూజుకు శుద్ధీ లేదు, మాత్రా లేదు.

కావున గృహిణులు ఈ జాగ్రత్తలు పాటించాలి. రంగు మారినవి, ముడుతలు పడినవి, చేదుగా ఉన్నవి అయిన గింజలను ఏరి పారవేయాలి. బూజు పైకి కనిపించనప్పుడు కూడా విషము ఉండవచ్చు గనుక, బాగా ఎండిన సరుకునే కొని, తడి తగలని డబ్బాలో, కొద్దికాలమునకు సరిపడా మాత్రమే నిలువ ఉంచాలి. ఎండుమిరపకాయలకు, మొక్కజొన్నలకు కూడా ఇదే నియమము. పారవేసే గింజలను పశువులకు పెట్టరాదు. ఆ విషము పాలలోనికి దిగుతుంది.

ఈ విషమును విరిచే కషాయము గాని, చూర్ణము గాని లేదు. గుప్పెడు గింజలు పారవేయుటయే ఇందుకు ఉత్తమ చికిత్స.