హీలియము కథయు శాస్త్రబోధనమును

హీలియమను మూలకము 1868వ సంవత్సరమున గుంటూరిలోఁ గనుఁగొనఁబడెనను వాక్యము పెక్కుచోట్లఁ గానవచ్చును. వాక్యము చిన్నది, బాలురు వల్లించుటకు సులభమైనది. కాని శాస్త్రజ్ఞాన మెట్లు పుట్టునో, యెట్లు స్థిరపడునో తెలుపు భాగ మంతయు నందు లోపించినది. తాళపత్రప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము చేయువారి కీ లోప మెంతటిదో సులభముగా బోధపడును.

1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. ఫ్రెంచి పండితుఁడగు జాన్సెను గుంటూరినుండియు, చెన్నపట్టణపు వేధశాలాధిపతి పాగ్సను మచిలీపట్టణమునుండియు, ఆ వేధశాలకే చెందిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తినుండియు దానిని బరిశీలించిరి. ప్రతి మూలకమును జ్వలించునపుడు తనకే ప్రత్యేకములగు కాంతిరేఖలను వెలువరించునని కిర్కాఫు, బున్సెను అను జర్మను పండితు లంతకుఁ దొమ్మిదేండ్లకు ముందే స్థాపించియుండిరి. కాంతిని విడఁదీసి యా రేఖలను జూపు వర్ణదర్శకయంత్ర మీ గ్రహణమున నుపయోగింపఁబడెను. సూర్యబింబపు టంచున లేచు నెఱ్ఱని జ్వాలలు వాయుమయములనియు, వానిలో ఉదజని ప్రధానమనియు నందువలనఁ దేలెను.

జాన్సెను సాధించినది వేఱొకటి. రేఖల యుజ్జ్వలతను జూచి, గ్రహణము లేకున్నను వానిని జూడవచ్చునని తలఁచి, మఱునాఁడే యట్లు చూచెను. ఇంగ్లండునందు లాకియరు అక్టోబరు 20వ తేదీని స్వతంత్రముగా నా విధానమునే సాధించెను. ఇరువురి లేఖలును అక్టోబరు 26వ తేదీని పారిసు శాస్త్రపరిషత్తు నెదుట నొక్కనాఁడే వచ్చెను. అవి పరిశీలనవిధానమునకు సంబంధించిన లేఖలు. నూతనమూలకమును బ్రకటించినవి కావు.

జ్వాలలయందుఁ బసుపుపచ్చని రేఖ యొకటి యుండెను. సోడియమున కుండు జంటరేఖలు నించుమించుగ నచ్చటనే యుండుటచే పలువురు దానిని సోడియపు రేఖయే యనుకొనిరి. పాగ్సను మాత్రము, ఆ స్థానముననో దాని సమీపముననో యున్నదని సందేహముతో వ్రాసెను. పిమ్మట లాకియరు కొలిచి చూడఁగా రెండును వేఱని తేలెను. నేఁటి కొలతలలో సోడియపు రేఖలు 589.0, 589.6 నానోమీటర్లయొద్దను, ఈ రేఖ 587.6 నానోమీటర్లయొద్దను ఉన్నవి. ఒక్క యక్షరపు భేదముచే పద్యార్థము మాఱినట్లు, ఈ స్వల్పభేదముచే సూర్యునియందు నూతనపదార్థ మున్నదను నూహ కలిగెను.

ఊహ నిశ్చయము కాదు. లాకియరును, రసాయనవేత్త ఫ్రాంక్లండును ఉదజనితోఁ బ్రయోగములు చేసి యా రేఖను బుట్టింపఁజూచిరి, సాధ్యపడలేదు. లాకియరు నూతనమూలకమనియే తలఁచెను. ఫ్రాంక్లండు సంశయము వీడలేదు. 1871లో విలియము టామ్సను చేసిన యుపన్యాసమున హీలియమను పేరు లోకమునకు వినవచ్చెను. అది గ్రీకుభాషలో సూర్యునిఁ దెలుపు పదమునుండి పుట్టినది. సోడియము, కాల్షియము మొదలగు లోహనామముల తుది ప్రత్యయమే దీనికిని దగిలెను. పదార్థము మాత్రము తుదకు వాయువని తేలెను.

1895లో రామ్సే క్లీవైటను యురేనియపు ఖనిజమును ఆమ్లముతోఁ గలిపి ఆర్గానును వెదకుచుండఁగా, వెలువడిన వాయువున నా పసుపుపచ్చని రేఖయే కనఁబడెను. క్రూక్సు దానిని బరీక్షించి నిర్ధారించెను. అంతకుముందే యురేనియపు ఖనిజములనుండి వాయువును రాఁబట్టిన హిల్లెబ్రాండు దానిని నత్రజని యనుకొనెను. చూచుట వేఱు, ఎఱుఁగుట వేఱు.

ఫ్రాంక్లండు సంశయము నిర్హేతుకమా? కాదు. 1864లో హగ్గిన్సు నీహారికలయందుఁ గనిన యాకుపచ్చని రేఖలనుబట్టి నెబ్యులియమనియు, 1869 నాఁటి గ్రహణమున సూర్యుని ప్రభామండలమునఁ గానవచ్చిన యాకుపచ్చని రేఖనుబట్టి కరోనియమనియు మఱి రెండు మూలకము లూహింపఁబడెను. తర్కము హీలియమునకుఁ జెప్పినదియే. కాని మొదటి రేఖలు రెండేసి ఎలక్ట్రానులు కోల్పోయిన ఆమ్లజని పరమాణువులవని 1927లో బోవెను చూపెను. రెండవది పదుమూఁడు ఎలక్ట్రానులు కోల్పోయిన యినుప పరమాణువులదని 1939 మొదలుకొని గ్రోట్రియను, ఎడ్లేను పండితుల కృషివలనఁ దేలెను. ఒకే విధమగు ననుమానము ఒకచోట ఫలించెను, రెండుచోట్ల విఫలమయ్యెను. ఏది నిలుచునో నిర్ణయించినది ఊహించినవారి ప్రఖ్యాతి కాదు. పిమ్మట జరిగిన పరీక్ష.

పాఠశాలలలోఁ గాలము స్వల్పమనియు, సంశయములు చెప్పినచో బాలురు కలఁతపడుదురనియు నాక్షేపింపవచ్చును. సంవత్సరమున కిట్టి కథ యొక్కటి చాలును. ఎవరేమి చూచిరి, చూచినదాని కేయర్థము చెప్పిరి, ఆ యర్థ మే పరీక్షచే నిలిచెను అను మూఁడు ప్రశ్నలు వేసినచో నొక గంటలో ముగియును. సిద్ధాంతములను మాత్రమే వల్లించిన విద్యార్థి, వానిలో నొకటి సవరింపఁబడిన నాఁడు శాస్త్రమే యసత్యమని తలఁచు ప్రమాదము కలదు. సవరణ యెట్లు జరుగునో యెఱిఁగినవాఁ డట్లు భ్రమపడఁడు.

గుంటూరు పేరు పాఠమున నుండఁదగినదే. దానితోఁబాటు 1868కిని 1895కిని నడుమ గడచిన యిరువదియేడేండ్ల విచారణయు నందుండవలెను.