ద్వారి నవ్విస్తాడు, నరసింహుడు నవ్వడు: కథల్లో వెటకారం ఎంతవరకు?

ఈమధ్య సినిమాల్లో, వెబ్ సిరీస్‌లలో, అంతకన్నా ఎక్కువగా ఫోన్లో చూసే రీల్స్‌లో ఒక అలవాటు బాగా పెరిగింది. హీరో కంటతడి పెట్టబోతాడు, పక్కనున్న స్నేహితుడు ఒక పంచ్ విసురుతాడు. తల్లి కొడుకును దీవించబోతుంది, మధ్యలో బ్రహ్మానందం మీమ్ వచ్చి పడుతుంది. ప్రేక్షకుడు ఎక్కడ ఎగతాళి చేస్తాడోనని కథ ముందే తనను తాను ఎగతాళి చేసుకుంటోంది. ఇంగ్లీషు విమర్శకులు దీన్ని ఐరనీ అంటారు. దానికి ఎదురుగా ఉండేది సిన్సియారిటీ, అంటే చెప్పేమాటను మనసారా నమ్మి చెప్పడం.

ఇది సినిమావాళ్ళ గొడవ, కొడలలో ఉన్న మనకెందుకు అనిపించవచ్చు. నిజానికి విజయవాడ వాళ్ళకంటే మనకే ఇది ఎక్కువ కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయాక ఇక్కడ తెలుగు ముఖ్యంగా ఇంటి భాషగా, వీధి భాషగా మిగిలింది. పిల్లల చదువు ఎక్కువగా ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఇంట్లో పెద్దల మాట తప్పిస్తే వాళ్ళ చెవిన పడే తెలుగు చాలావరకు సినిమాదీ ఫోనుదీ. ఆ తెలుగు ఎప్పుడూ వెక్కిరింపు గొంతుతోనే వినబడితే, ఈ భాష జోకులకు తప్ప మరి దేనికీ పనికిరాదని పిల్లలు అనుకోరా?

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. ఐరనీని మనం వ్యంగ్యం అని రాస్తున్నాం. అలంకారశాస్త్రంలో మాత్రం వ్యంగ్యమంటే వెక్కిరింత కాదు. పైకి అనకుండా స్ఫురింపజేసే అర్థం. దుఃఖం కూడా వ్యంగ్యంగా పలకవచ్చు. ఇక్కడ మనం చెప్పుకుంటున్నదానికి వాడుకలో ఉన్న మాట వెటకారం. అదే వాడుకుందాం.

వెటకారం చెడ్డదేమీ కాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గురజాడ గిరీశం చేత అన్ని కబుర్లు చెప్పించింది ఆనాటి పెద్దమనుషుల బండారం బయటపెట్టడానికే. పసిపిల్లలను డబ్బుకు అమ్మే ఆచారం మీద కోపం లేకపోతే ఆ నవ్వు పుట్టేది కాదు. అమెరికా రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1993లో టీవీ గురించి రాసిన పెద్ద వ్యాసంలో దాదాపు ఇదే సంగతిని మరో వైపునుంచి పట్టుకున్నాడు. ఒకప్పుడు బూటకాన్ని కూల్చిన వెటకారాన్ని టీవీ సొంతం చేసుకుంది. ఇప్పుడది ఎవరికీ దొరక్కుండా తప్పించుకునే కవచమైపోయింది. కూల్చడం దానికి తెలుసు కానీ, కూల్చినచోట ఇంకొకటి కట్టడం తెలియదు. ఆయన వాదన సారాంశం ఇది. 2016లో వచ్చిన డెడ్‌పూల్‌లో హీరో ప్రేక్షకులవైపు తిరిగి తన సినిమా మీద తనే జోకులు వేసేనాటికి ఆ కవచం కోట్ల డాలర్ల వ్యాపారం.

తెలుగులో ఈ దారి 2012లో సుడిగాడుతో బాగా తెరుచుకుంది. తమిళ్ పడమ్‌కు రీమేక్‌గా వచ్చిన ఆ సినిమాలో అల్లరి నరేష్ పెద్ద హీరోల బిల్డప్పులన్నిటినీ వరసపెట్టి ఉతికేశాడు. అది అవసరమే. తొడకొడితే సుమోలు గాల్లోకి లేచే సినిమాలు అప్పటికి ఎక్కువైపోయాయి. రెండేళ్ళకు, 2014లో, సంపూర్ణేష్ బాబు హీరోగా హృదయ కాలేయం వచ్చింది. దర్శకుడిగా తెరమీద పడిన పేరు స్టీవెన్ శంకర్. అసలు మనిషి సాయి రాజేష్.

ఆ సాయి రాజేష్ తరువాత చేసిన పనులు చూడండి. 2020లో కలర్ ఫోటోకి కథ రాసి నిర్మించాడు. ఒంటి రంగు కారణంగా చిన్నబుచ్చుకునే కుర్రాడి ప్రేమకథ అది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా అందుకుంది. 2023లో బేబి తీశాడు. ఆ సినిమాలోని ఆడపిల్ల పాత్రను మలచిన తీరు మీద అభ్యంతరాలు వచ్చాయి, నాకూ ఉన్నాయి. అయితే ఏడుపును ఏడుపుగానే చూపించాడు, పక్కనుంచి కన్నుగీటలేదు. స్పూఫ్‌తో మొదలైనవాడు ఇక్కడికి రావడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. అందరి బిల్డప్పునూ పీకేశాక ఇక నీ కథేమిటని ఎవరైనా అడుగుతారు కదా.

ఇక ఆర్ఆర్ఆర్. 2022 మార్చి 25న విడుదలైంది, జూన్ 1న అమెరికా థియేటర్లలో ఒక్కరోజు ప్రత్యేకంగా మళ్ళీ వేశారు. 2023 మార్చిలో నాటు నాటు ఆస్కార్ తెచ్చుకుంది. అందులో పులులూ జింకలూ ఒకే లారీలోంచి దూకుతాయి, ఒక స్నేహితుడు ఇంకొకణ్ణి భుజాలమీద ఎక్కించుకుని యుద్ధం చేస్తాడు. హాలీవుడ్‌లో ఇదే తీసివుంటే పక్కనున్న పాత్ర ఒకటి "నువ్విప్పుడు నిజంగా ఇది చేశావా?" అని అడిగేది. రాజమౌళి సినిమాలో ఎవరూ అడగరు. చాలామంది విదేశీ ప్రేక్షకులకు నచ్చింది ఆ అడగకపోవడమే. కొందరు నవ్వుకోవడానికి వెళ్ళి, ఇంటర్వెల్‌కల్లా మనస్ఫూర్తిగా ఈలలు వేశారు. గ్రాఫిక్స్ గొప్పతనం ఉంది, కాదనను. ఆ గ్రాఫిక్స్‌ను సిగ్గుపడకుండా వాడుకోవడం అంతకన్నా అరుదు.

అలాగని నవ్వు ఉంటే నమ్మకం పోతుందని చెప్పడం లేదు. ఇక్కడే మన గంజాం దగ్గర నేర్చుకునేది ఉంది. ప్రహ్లాద నాటకం ఈ జిల్లా సొత్తు. పంతొమ్మిదో శతాబ్దంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరున వెలసిన ఈ ఒడియా నాటకం పాటల్లో, నడకలో దక్షిణాది పోకడ, తెలుగు ప్రభావం చెవికి తెలుస్తాయి. మెట్లమెట్లుగా కట్టిన ఎత్తయిన మంచెమీద హిరణ్యకశిపుడు కొలువుంటాడు. తెల్లవార్లూ సాగే ఆటలో హాస్యానికి లోటుండదు. కానీ నరసింహుడి ముఖతొడుగుకు పూజ చేస్తారు. దాన్ని పెట్టుకున్న నటుడికి పూనకం వస్తుందని జనం నమ్మకం, అందుకే అతణ్ణి మనుషులు పట్టుకుని ఆపుతారు. అప్పటిదాకా పగలబడి నవ్విన జనమే అప్పుడు లేచి నిలబడి చేతులు జోడిస్తారు.

ఇక్కడిదే ఇంకో ఆట భారత లీల, సుభద్రార్జునుల పెళ్ళి కథ. అందులో వాకిలి కాసే ద్వారి ఎంత ముఖ్యమంటే ఆటకే ద్వారి నాట అనే పేరు పడింది. అర్జునుణ్ణీ వదలడు, సుభద్రనూ వదలడు, అందరినీ ఆటపట్టిస్తాడు. కానీ ఆ పెళ్ళి జరగకూడదని అతనికి ఉండదు. తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు ఎంత మోటుగా మాట్లాడినా తెర మీదికి రాముడు వచ్చేసరికి పక్కకు తప్పుకుంటారు. కథకు కాపలా కాసే నవ్వు ఇది. ఫోన్లోని వెటకారం కాపలా కాసేది కథకు కాదు, చెప్పేవాడికి: "నేను సీరియస్‌గా అనలేదులే" అని ఎప్పుడైనా తప్పుకోవడానికి వీలుగా.

బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నెలరోజులపాటు వీధుల్లో పులివేషాలు, దేవుళ్ళ వేషాలు, నవ్వు పుట్టించే వేషాలు తిరుగుతాయి. బయటివాడికి అది సరదా. వేసినవాడికి చాలాసార్లు అది మొక్కు. అమ్మవారిని పుట్టింటి ఆడపడుచులా ఆహ్వానించే ఆ యాత్రలో వేషం చూసి మనం నవ్వుతాం, వేసినవాడు తన మొక్కు తీర్చుకుంటాడు. రెండూ ఒకే వీధిలో, ఒకదానికొకటి అడ్డం రాకుండా జరుగుతాయి.

దేవుణ్ణి వెటకరించడమూ మనకు కొత్త కాదు. ఆంధ్రనాయక శతకం రాసిన కాసుల పురుషోత్తమ కవి కృష్ణాతీరంలోని శ్రీకాకుళ ఆంధ్ర మహావిష్ణువును పద్యం పద్యానికీ దెప్పిపొడిచాడు. దాన్నే నిందాస్తుతి అన్నారు. బాగా దగ్గరివాణ్ణే అలా దెప్పగలం.

ఉగాదికో సంక్రాంతికో మన సంఘాలు పెట్టే కార్యక్రమాల్లో పిల్లల స్కిట్ అంటే ఇప్పుడు టీవీ కామెడీ షోకు నకలే. పద్యం చదవడానికి లేచిన పిల్లవాడు కూడా నవ్వుతారేమోనన్న భయంతో ముందే వెకిలిగా మొహం పెడుతున్నాడు. రాబోయే పండగకు 1957 నాటి మాయాబజార్ నుంచి రెండు సన్నివేశాలు వేయించి చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో చేసే అల్లరి అంతా ఉంచండి, జనం కడుపుబ్బ నవ్వనీయండి. అసలు శశిరేఖ బాధపడే చోట మాత్రం ఆ పిల్లను నిజంగా బాధపడనివ్వండి. వెనకనుంచి కామెడీ మ్యూజిక్ వేయకండి.