దొరగారి బల్ల మీద ఒక్క పూట

"క్రిస్మస్ సంచికకి కవర్ డోర్నకల్ చర్చి. ఫొటోలు వచ్చేశాయి, మేటర్ బుధవారానికి కావాలి" అన్నారు ఎడిటర్. గోపురాలు, మినార్లు, గుడి మండపాన్ని గుర్తుచేసే స్తంభాలు. ఆ ఎపిఫనీ కెథెడ్రల్ ముఖచిత్రానికి ఎత్తినట్టే ఉంటుంది, కాదనను. కానీ దాన్ని కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గురించి చదువుతుంటే 1910 నాటి ప్రసంగమొకటి చేతికి తగిలింది. ఇక చర్చి మీద మనసు నిలవలేదు.

ఆ ఏడాది జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. ప్రతినిధులు పన్నెండు వందల మంది, అందులో ఆసియా వాళ్లు ఇరవైకి మించరు. అజరయ్యకి ముప్పై అయిదేళ్లు. రెండు మెచ్చుకోలు మాటలు చెప్పి దిగిపోతే చప్పట్లు ఖాయం. ఆయన భోజనం సంగతి ఎత్తారు. మీ సేవకి మాకు కృతజ్ఞత ఉంది, గౌరవం ఉంది; కానీ ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా మమ్మల్ని మీ బల్ల దగ్గరికి పిలవరు, మన మధ్య ఉన్నది జీతమిచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఉండే వరసే అన్నారు. చివర్లో, పౌలు కొరింథీయులకి రాసిన ప్రేమ అధ్యాయాన్ని అందుకున్నారు. ఆస్తంతా బీదలకి పంచినా, ఒంటిని కాల్చడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే లాభం లేదన్న చోటు. ఆ రెండూ మీరు చేశారు, ఇక ప్రేమ మిగిలింది, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని ముగించారు. హాల్లో కలకలం. కొందరు దొరలకి ఒళ్లు మండింది.

వాళ్లు నేర్పిన వాక్యాన్నే వాళ్లకి అప్పజెప్పాడాయన.

మిగతా చరిత్ర గబగబా: 1874లో తిరునల్వేలి సీమలో పాస్టర్ ఇంట పుట్టుక, వైఎంసీఏ కొలువు, డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకోవడం, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం, ఎద్దుబండి మీద పల్లెలు, సామూహిక మతమార్పిడులపై గాంధీజీతో పేచీ, 1939 జనవరి 6న కెథెడ్రల్ ప్రతిష్ఠ, 1945 జనవరి 1న మరణం.

నాకు మొదట్నుంచీ ఒక అనుమానం. ఎడిన్‌బరోలో అడిగింది సరే, డోర్నకల్‌లో జరిగిందా? ఆయన సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. అందరూ ఒకే గిన్నెలో ప్రభు భోజనం పుచ్చుకోవాలని పట్టుబట్టాడు. కులం మాత్రం చర్చి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆగిపోలేదు. ఆ కులపు పేచీలు ఆయన బతికుండగానూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. అయినా ఆ గిన్నె విషయంలో ఆయన్నే మెచ్చుకుంటాను.

బాక్స్: బిషప్ గారి నలుగురు శత్రువులు
పల్లెల్లో అజరయ్య పోరు పెట్టుకున్నవి నాలుగు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లిష్‌లో నాలుగూ 'డి' అక్షరంతోనే మొదలవుతాయి.

ఈ నెలంతా నాయకులు వేదికలెక్కి కేకులు కోస్తారు, ఫొటోలు మన ఆఫీసుకే వస్తాయి. ఆ కేకు ముక్క ఈ పేట నుంచి ఆ పేటకి వెళ్తుందో లేదో ఫొటోలో కనపడదు. అందుకే పాఠకులకి ఒక మనవి. ఈ పండక్కి మీ ఇంట భోజనానికి మొదటిసారి ఎవర్ని పిలిచారో ఉత్తరం రాయండి, వేస్తాం. కేకు ఫొటోలు మాత్రం పంపకండి.