మాట నిలకడ – పిల్లల నడవడి

మిరప కల్లములలో కాయ ఎండు రోజులలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో తరచు ఒక మాట వినిపించును: “కాయ అమ్మిన తరువాత కొనిపెడతాలేరా.” అది సైకిలు కావచ్చును, కొత్త బట్టలు కావచ్చును. టిక్కీలు గుంటూరు యార్డుకు చేరును. ధర పలికినచో సరే. పడిపోయినచో అప్పే తీరదు, ఇక సైకిలు మాట ఎక్కడ? తండ్రి అబద్ధమాడలేదు. అయినను పిల్లవాని లెక్కలో ఒక మాట తప్పినది. దీనికిని క్రమశిక్షణకును సంబంధమేమని ఉపాధ్యాయులు అడుగవచ్చును. చాలా ఉన్నది.

క్రమశిక్షణ అనగానే మనలో చాలమందికి బెత్తము గుర్తుకు వచ్చును. ముందు వచ్చు మేలుకొరకు ఇప్పటి కోరికను ఆపుకొనగల శక్తి దానిలో ముఖ్యభాగము. దీనిని పరిశీలించుటకు 1960 దశకము చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో వాల్టర్ మిషెల్ ఒక తేలిక పద్ధతిని వాడెను. పసివాని ముందు ఒక మిఠాయి ఉంచి, “నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తాను” అని చెప్పి బయటికి పోవుటయే ఆ పరీక్ష. ఎక్కువసేపు ఆగిన పిల్లలు తరువాత చదువులో మెరుగుగా ఉన్నట్లు కనబడెను. దానితో నిగ్రహము పుట్టుకతో వచ్చు గుణమని పలువురు తలచిరి.

2013లో ప్రకటితమైన రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధన ఈ తలంపును కదిలించినది. సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 3 నుండి 5 ఏండ్ల వయసుగల 28 మంది పిల్లలను తీసుకొనిరి. మొదట వారికి అరిగిన రంగుబలపములిచ్చి, మంచివి తెచ్చెదమనిరి. సగముమందికి తెచ్చిరి; తక్కినవారి వద్దకు ఉత్తచేతులతో వచ్చి, లేవనిరి. పిమ్మట మిఠాయి పరీక్ష. మాట నిలిచిన 14 మంది సగటున 12 నిమిషములు ఆగిరి. మాట తప్పిన 14 మంది 3 నిమిషములే. పూర్తిగా 15 నిమిషములు ఆగినవారు మొదటి జట్టులో 9 మంది, రెండవదానిలో ఒక్కరే! రానిదానికై కూర్చుండుట తెలివి కాదు గదా. మనము తొందరపాటు అనుకొనునది ఆ పిల్లల దృష్టిలో సరియైన లెక్కయే.

ఇది చిన్న ప్రయోగమే. కాని 900 మందికి పైగా పిల్లలను పరిశీలించి 2018లో ప్రకటించిన మరొక అధ్యయనములో, ఇంటి పరిస్థితులను లెక్కలోనికి తీసుకొనగా, మిఠాయి పరీక్షకును తరువాతి చదువుకును గల సంబంధము బాగుగా పలుచబడినది.

పత్తితీతకు, మిరప కోతకు తల్లి తెల్లవారకముందే పోవును. కర్నూలు ప్రాంతమునుండి కోతలకు వలస వచ్చినవారి పిల్లలకు ఊరే నిలకడ కాదు. అట్టివారికి మాట నిలుచు చోటు బడి కావలెను. “శనివారం ఆటలాడిద్దాం” అని చెప్పి, పాఠములు మిగిలినవని మానివేయుట మనకు చిన్న విషయము, వారికి కాదు. బెత్తము కనబడినంతసేపే పనిచేయును. అదియుగాక 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను దానిని నిషేధించినది. మర్యాద సంగతియు ఇంతే: ఉపాధ్యాయుడు “ఒరేయ్” అని పిలిచిన తరగతిలో నాయకుడు చిన్నవారిని “ఏమండీ” అనునా?

మరి ధర తన చేతిలో లేని తండ్రి ఏమి చేయవలెను? షరతును ముందే చెప్పవచ్చును: క్వింటాలు ఇంత పలికితే సైకిలు, పలుకకపోతే వచ్చే ఏడు. యార్డు ధరలు దినపత్రికలలో వచ్చును గదా. వాటిని పిల్లవానిచేతనే రోజూ నోటుపుస్తకములో వ్రాయించిన, లెక్కల ఉపాధ్యాయునికి ఒక గ్రాఫు పాఠము దొరకును. సైకిలు రాని ఏట ఎందుకు రాలేదో ఆ పుస్తకములోనే ఉండును.